ఐదో కాంటూరులో మా ఎకరం ఇరవై సెంట్లు: మళ్ళీ చెరువు లీజుకివ్వాలా, వద్దా?

లంకపిల్ల_మియాపూర్ (ప్రశ్న)

నమస్తే అండీ. ఇది పొలం ప్రశ్నో, కోర్టు ప్రశ్నో, ఇంటి గొడవో నాకే తెలీడం లేదు. మూడూ కలిపే అడుగుతున్నాను.

మాది కొల్లేటి లంక. మండవల్లి వైపు. నేను పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చేశాను, తమ్ముడు ఏలూరులో ఉంటాడు. నాన్న పోయి రెండేళ్ళయింది. ఆయన పేరున ఎకరం ఇరవై సెంట్లు జిరాయితీ (సొంత పట్టా భూమి) ఉంది, అది ఐదో కాంటూరు లోపల, అంటే కొల్లేరు అభయారణ్యం హద్దు లోపల పడింది. నా చిన్నప్పుడు నీళ్ళు తీశాక అందులో దాళ్వా వరి వేసేవాళ్ళం. తర్వాత చుట్టుపక్కల అందరూ చెరువులు తవ్వితే మాదీ చెరువులో కలిసిపోయింది. 2006లో అభయారణ్యంలో చెరువులు ఉండకూడదని ప్రభుత్వం పంపిన పొక్లెయిన్లు వచ్చి గట్లు కొట్టేశాయి. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. నాన్న గట్టు మీద కూర్చుని చూశాడు, ఏమీ అనలేదు. కొన్నేళ్ళకి ఒకాయన వచ్చి గట్టు మళ్ళీ పోయించి, పక్కవాళ్ళవీ మాదీ కలిపి ఒకటే చెరువు చేసి, ఏటా ఉగాదికి మా వాటా కింద యాభై వేలు ఇస్తున్నాడు. కాగితం లేదు, నోటిమాటే.

గొడవ ఎక్కడ మొదలైందంటే, మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఫిబ్రవరి 2న చిత్తడి నేలల దినోత్సవమట, 'చిత్తడి నేలల విలువ' మీద ప్రాజెక్టు ఇచ్చారు. (చిత్తడి నేల అనే మాట మా ఊళ్ళో ఒక్కరి నోటా వినలేదు. మాకది కొల్లేరు, అంతే.) అట్ట మీద గూడబాతు బొమ్మ అతికిస్తూ, 'అమ్మా, శాంక్చురీలో చేపల చెరువులు ఉండకూడదంట కదా, మరి మనది?' అంది. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. ఆ యాభై వేలల్లో నా సగం పోయిన ఏడాది దాని ఫీజుకే కట్టాను.

తమ్ముణ్ణి అడిగితే, 'అక్కా, ఐదో కాంటూరు మూడుకి తగ్గిస్తారు, అప్పుడు మనది బయటికొచ్చేస్తుంది, ఈలోగా నువ్వు కెలక్కు' అన్నాడు. ఈ ఉగాదికి లీజు మళ్ళీ మాట్లాడుకోవాలి.

తెలిసినవాళ్ళు చెప్పండి. ఐదుకీ మూడుకీ మధ్య ఉన్నది రెండడుగులే కదా. ఆ రెండడుగులు పోతే నిజంగా ఏం పోతుంది? కొల్లేరు ఎలాగూ పోయిందంటున్నారు. మొన్న పండక్కి వెళ్తే మా పిన్ని టిన్ను నీళ్ళు కొనుక్కుంటోంది. చిన్నప్పుడు అవే రేవు నీళ్ళు బిందెలో పట్టి, పటిక తిప్పి తాగినవాళ్ళం. చుట్టూ నీళ్ళు పెట్టుకుని ఆటోలో నీళ్ళు దిగుమతి చేసుకోవడం చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

చెరువుగట్టు_బాబు

అక్కా, నేను చేపల రైతునే. ముందే చెప్తున్నా, నన్ను తిట్టుకున్నా పర్లేదు.

కొల్లేట్లో చెరువులు మేం కనిపెట్టలేదు. డెబ్బైల్లో సొసైటీలు పెట్టించి, తవ్వుకోండని ప్రోత్సహించింది ప్రభుత్వమే. అంతకుముందు మా తాతలు చేపలు పట్టే మావులు వేసుకుని, దోనె మీద తిరిగి, దొరికిన రోజు తిని దొరకని రోజు పస్తున్నారు. పొంగు వస్తే దాళ్వా లేదు, కొంప లేదు. 'కొంప కొల్లేరవడం' అని ఊరికే పుట్టిందా సామెత? బొచ్చె, శీలావతి వచ్చాకే లంకల్లో పెంకుటిల్లు పోయి డాబా లేచింది. ఇక్కడ ఐసు వేసి లారీ ఎక్కించిన చేప హౌరాలో, గౌహతిలో దిగుతుంది. పట్టుబడి కూలీలు, తవుడు, చెక్క, ఐసు, లారీలు, పెట్టెలు కొట్టేవాళ్ళు... ఎన్ని కొంపలు నడుస్తున్నాయో లెక్కేసుకో.

పక్షులంటారు. ఆటపాకలో గూడబాతులు ఎక్కడ గూడు పెడుతున్నాయో చూశావా? చెట్లు చాలక అటవీ శాఖ వేసిన ఇనుప స్టాండ్ల మీద. తిండి? మా చెరువుల్లోది కూడా. నేనేమీ అడగట్లేదు దానికి.

2006లో కొట్టేసినప్పుడు నష్టపోయింది ఎవరు? ఊరి వాటా మీద బతికేవాళ్ళు. పెద్దోళ్ళు మళ్ళీ తవ్వుకున్నారు. నువ్వు మానేస్తే నీ ఎకరం చుట్టూ ఉన్న యాభై ఎకరాలు ఆగుతాయా? నీ యాభై వేలు పోతాయి, కొల్లేరుకి చుక్క కలవదు. లీజుకిచ్చెయ్.

పెదఎడ్లగాడి_లస్కరు

అమ్మా, నమస్కారం. నేను డ్రైనేజీలో లస్కరుగా చేసి దిగిపోయినవాణ్ణి. చెప్పేది నేను, టైపు కొట్టేది మా మనవడు. వాడు ఇంజినీరింగు, మధ్యలో లెక్కలు వాడివి. నాకు తెలిసింది నీటి మట్టం చూసే గేజీ.

పెదఎడ్లగాడి వంతెన తెలుసు కదా, 56 ఖానాలది. పైనుంచి వచ్చిన నీళ్ళు ఉప్పుటేరు వైపు పోవాలంటే ఆ ఖానాల్లోంచే దూరాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గేజీ చూసి పుస్తకంలో రాయడం, ఖానాలకి గుర్రపుడెక్క అడ్డం పడితే గెడలతో, కొక్కేలతో లాగించడం, ఇదీ నా ఉద్యోగం. వానాకాలంలో రాత్రి కూడా బ్యాటరీ లైటు పెట్టుకుని చూడమనేవాళ్ళు. ఇన్నేళ్ళు ఒకే మేకు మీద నీళ్ళు ఎక్కడం దిగడం చూసినవాడికి కాంటూరంటే ఏంటో కాగితం చూడకుండానే తెలుస్తుంది.

కాంటూరంటే సముద్ర మట్టానికి పైన ఎన్ని అడుగులు అని. ఐదో కాంటూరంటే నీరు ఐదడుగుల ఎత్తుకొస్తే ఎక్కడిదాకా పాకుతుందో ఆ గీత. కొల్లేరు గిన్నె అనుకుంటారు అందరూ. కాదమ్మా, పళ్ళెం. గిన్నెలో నీళ్ళు పోస్తే పైకి లేస్తాయి, పళ్ళెంలో పోస్తే పక్కకి పోతాయి. మూడో కాంటూరు దగ్గర కొల్లేరు 135 చదరపు కిలోమీటర్లు. ఐదు దగ్గర 308. అభయారణ్యం ప్రకటించింది ఆ 308కే, 1999లో. ఏడు దగ్గర 675. పదికొస్తే 901. ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రాంసర్ జాబితాలో 2002లో రాసుకున్నది ఆ 901. ఇప్పుడు చూడు, నువ్వు 'రెండడుగులే కదా' అన్నావే, ఆ రెండడుగుల్లో 173 చదరపు కిలోమీటర్లు ఉంది. నలభై రెండు వేల ఎకరాల పైమాట.

మావాడు ఇంకో లెక్క వేశాడు. మూడుకీ ఐదుకీ మధ్య సగటున 220 చదరపు కిలోమీటర్లనుకుని, రెండడుగుల లోతు నీళ్ళు నిలబెడితే నాలుగున్నర టీఎంసీలు దాటింది. ప్రకాశం బ్యారేజీ నిండా నిలిపితే పట్టేది మూడు టీఎంసీల చిల్లర. అంటే మనం 'ఓ రెండడుగులు' అని తీసేసేది ఒకటిన్నర ప్రకాశం బ్యారేజీ. వాడు ఈ ముక్క చెప్పగానే నాకు నోట మాట రాలేదు. నా ఉద్యోగమంతా ఆ నీళ్ళ పక్కనే ఉండి ఈ లెక్క నేనెప్పుడూ వెయ్యలేదు.

పైనుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా అరవై దాకా డ్రైన్లు, కాలవలు వచ్చి ఇందులో పడతాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది అరవై కిలోమీటర్లు వంకర్లు తిరిగి సముద్రంలో కలవాలి. సముద్రం పోటు మీదుంటే అది కూడా తీసుకోదు. వచ్చేవి అరవై, పోయేది ఒకటి, అదీ రోజంతా ఒకేలా లాగదు. మరి మధ్యలో నీళ్ళు ఎక్కడ కూర్చోవాలి? కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య ఆ పల్లం ఉన్నది అందుకే. సముద్రం తలుపు తీసేదాకా నీళ్ళు ఆగే వసారా అది.

ఇప్పుడు చెరువు సంగతి. అవతల తమ్ముడు 'చెరువులోనూ నీళ్ళేగా' అనలేదు గానీ, చాలామంది అంటారు. చెరువులో అప్పటికే నిండా నీళ్ళు పెట్టి ఉంటాయి. చుట్టూ ఎత్తు గట్టు. పొంగు వచ్చిన రోజు ఆ గట్టు లోపలికి ఒక్క చెంబు కూడా పోదు, పోనివ్వరు, చేప పోతుందని. కాబట్టి పైనుంచి చూస్తే నీళ్ళే గానీ, పొంగుకి అది మెరక కిందే లెక్క. గట్టు లోపలున్న ప్రతి ఎకరం వానాకాలంలో కొల్లేరుకి లేనట్టే. ఆ నీళ్ళు గట్టు లేనివాడి ఇంట్లోకి పోతాయి. ఉపగ్రహం ఫొటోలు పెట్టి పెద్దవాళ్ళు లెక్క తీస్తే, 2001 నాటికే సరస్సులో వెయ్యికి పైగా చెరువులు తేలాయి. అప్పటికే సరస్సులో నలభై శాతం పైనే గట్ల లోపల ఉంది.

మీ పిన్ని టిన్ను నీళ్ళ మాట. కొల్లేరు నీళ్ళు అప్పుడు తాగగలిగామంటే కిక్కిస గడ్డి వల్ల. మనిషెత్తు కిక్కిస దుబ్బుల్లోంచి నీరు మెల్లగా నడిచొచ్చేది, మట్టి అక్కడే దిగిపోయేది, పటిక మిగతాది చూసుకునేది. ఇప్పుడు దుబ్బు లేదు, నీటికి నడక లేదు. పైనుంచి ఊళ్ళ మురుగు, పక్కనుంచి చెరువుల్లో వేసిన కోడి ఎరువు. ఎండాకాలం కొల్లేరు ఎండి మట్టం దిగిపోతే ఉప్పుటేరు వెనక్కి తిరిగి ఉప్పునీరు మోసుకొస్తుంది. అదే పేరు మరి దానిది, ఉప్పుటేరు, ఎవరో ఊరికే పెట్టలేదు.

చేపల తమ్ముడు చెప్పినదాంట్లో రెండు మాటలు నిజం. మొదట తవ్వించింది ప్రభుత్వమే. 2006లో గండ్లు గట్లకే పెట్టారు, మనుషుల లెక్క తీర్చలేదు. గట్లు పడ్డ సాయంత్రం మా వంతెన దగ్గర టీ బడ్డీలో వలల మనిషి ఒకాయన, 'కొల్లేరు తిరిగొచ్చింది గానీ మావు వెయ్యడం మా కుర్రాళ్ళకి రాదు' అన్నాడు. ఇంగిలాయి, మట్టగిడస, కొర్రమీను ఎక్కడ తిరుగుతాయో, ఏ గాలికి ఏ వైపు మావు పెట్టాలో, అది ముప్పై ఏళ్ళు చెరువు కాపలా కాసిన ఇంట్లో ఎవరికి తెలుస్తుంది?

సామెత గురించి మాత్రం ఒప్పుకోను. కొంప కొల్లేరైంది అంటే కొల్లేరు చెడ్డదని కాదు తమ్ముడూ, నీళ్ళు ఉండాల్సిన చోట కొంప కట్టావని.

సింగ్‌నగర్_రెండో_అంతస్తు

లస్కరు గారి వసారా మాట చదివి రాయకుండా ఉండలేకపోయాను. నాకు కొల్లేరుతో చుట్టరికం లేదు, బెజవాడవాణ్ణి. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. పొద్దున లేచేసరికి మా కింది పోర్షన్ వాళ్ళు మెట్ల మీద కూర్చుని ఉన్నారు, వెనక మంచాలు తేలుతున్నాయి. బుడమేరు. ఆ పేరు అంతకుముందు మాకు మురుగు కాలవ పేరు. అది వెళ్ళి కొల్లేట్లో కలుస్తుందని ఆ వారంలోనే తెలుసుకున్నాను, ఫోన్‌లో చార్జింగు ఉన్నంతసేపు మ్యాపు చూస్తూ.

నిజాయతీగా చెప్పాలంటే మా మునకకి కొల్లేరు కారణం కాదు. పైన డైవర్షన్ కాలవకి గండ్లు పడ్డాయి, బుడమేరు ఒడ్డునంతా మాలాంటివాళ్ళం ఇళ్ళు కట్టుకుని కూర్చున్నాం. నేను కొన్న ఫ్లాటు కింద ఒకప్పుడు ఏముండేదో నేనూ అడగలేదు. కాబట్టి ఆవిడకి నీతి చెప్పే అర్హత నాకు లేదు. కానీ మా వీధిలోంచి నీళ్ళు దిగాయని మేం సంతోషపడుతున్న రోజుల్లోనే ఆ నీళ్ళు కిందకెళ్ళి ఏలూరు కైకలూరు రోడ్డు ముంచాయి. మా కష్టం పార్సిల్ చేసి మీ లంకలకి పంపించినట్టయింది. అప్పుడనిపించింది, కింద జాగా ఉంటేనే కదా పైన దిగేది అని.

వకాల్తా_ఏలూరు

చట్టం ముక్క మాత్రం చెప్తాను, పొడుగ్గా రాయను.

మీ తమ్ముడు 'తగ్గిస్తారు' అంటున్నది చాలా ఏళ్ళుగా వింటున్న మాటే. 2008లో శాసనసభ మూడుకి తగ్గించమని తీర్మానం కూడా చేసింది. తీర్మానంతో అయ్యే పని కాదిది. అభయారణ్యం హద్దు మార్చాలంటే వన్యప్రాణి చట్టం ప్రకారం జాతీయ వన్యప్రాణి మండలి సిఫార్సు ఉండాలి, సుప్రీంకోర్టు దాటాలి. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ అన్నీ చూసి ఐదే ఉంచమంది. కాబట్టి రాబోయే గీతని నమ్ముకుని ఇవాళ లీజు ఇవ్వకండి.

ఇంకొకటి. 2017 చిత్తడి నేలల నిబంధనల్లో ఆక్వా కోసం కట్టిన చెరువులకి మినహాయింపు ఉంది, అది చూపించి ఎవరైనా 'మనది మనుషులు తవ్విందే, మనకి వర్తించదు' అంటే వినకండి. అభయారణ్యం లోపల వర్తించేది వన్యప్రాణి చట్టం. వేరే దారి.

అయితే పట్టా మీదే. జిరాయితీ హక్కు ఎక్కడికీ పోలేదు. దానికి పరిహారం ఇచ్చి తీసుకోమని అడగడం న్యాయమైన కోరిక. గీత జరపమనడం వేరు, నా నేలకి డబ్బు కట్టమనడం వేరు. ఈ రెండూ కలిపేసి చిన్న పట్టాదారుల్ని ముందు నిలబెట్టి వెనక పెద్ద చెరువులు నడుపుతున్నారు, నా ఉద్దేశంలో అసలు చిక్కు అది. మీ పేరు మీద కేసు పడితే, ఉగాదికి యాభై వేలిచ్చేవాడు మీతోపాటు బోనెక్కడు. కాగితం ఎందుకు రాయలేదో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

చెరువుగట్టు_బాబు

వకీలు గారూ, పెద్ద చెరువులన్నది నన్ను కాదనుకుంటా. నాది నాలుగెకరాలు, అదీ కాంటూరు బయట. పరిహారం మాట మాత్రం ఇరవై ఏళ్ళ నుంచి వింటున్నాం, చేతికొచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. అక్కా, నీ ఇష్టం. ఒకటిన్నర బ్యారేజీ అంటే నాకూ కొంచెం గుండె జారింది, ఒప్పుకుంటా.

లంకపిల్ల_మియాపూర్

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించాను. వకీలు గారి ఆఖరి వాక్యం దగ్గర వాడు 'ఆగు' అన్నాడు. పళ్ళెం లెక్కకి కదల్లేదు గానీ బోను మాటకి కదిలాడు, ఏం చేస్తాం.

ఈ ఉగాదికి లీజు లేదని ఇద్దరం అనుకున్నాం. మా వాటా మేర గట్టు విప్పించమని ఆయన్ని అడుగుతాం. ఒప్పుకోడని తెలుసు, పక్కవాళ్ళవి కూడా అదే గట్టులో ఉన్నాయి, మావి మాత్రమే విప్పితే చెరువంతా పోతుంది. పిన్ని అప్పుడే 'ఊళ్ళో మొహం ఎలా చూపించాలే' అంటోంది. పరిహారానికి అర్జీ పెడదామంటే నాన్న పాస్‌పుస్తకం వెతకాలి. ఫీజు సంగతి నేను చూసుకుంటాను. మా అమ్మాయి ప్రాజెక్టులో గూడబాతు బొమ్మ పక్కన 135, 308 అని రెండు గీతలు గీసి, మధ్యలో ఎర్ర స్కెచ్‌తో చుక్క పెట్టి 'మా తాతయ్య పొలం' అని రాసింది. టీచరు ఏమంటుందో.

లస్కరు బాబాయి గారూ, ఒక్క అనుమానం. మా పొలం నిజంగా ఐదు లోపలే ఉందని ఎలా తెలుసుకోవాలి? తమ్ముడు ఇంకా 'కొలత తప్పేమో' అంటున్నాడు.

పెదఎడ్లగాడి_లస్కరు

సర్వే వాళ్ళు రాయి వేసి ఉంటారు, ముందు అది వెతకండి. చాలాచోట్ల పీకేశారు. రాయి దొరక్కపోతే ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ తీర్థానికి కొల్లేటికోట వస్తారు కదా, ఒక రోజు ముందు రండి. మావాడు లెవెల్ మెషీను అద్దెకి తెస్తానంటున్నాడు. వంతెన గేజీ దగ్గర మొదలెట్టి మీ గట్టు దాకా నడుద్దాం. మీ తమ్ముణ్ణే స్టాఫు (కొలత కర్ర) పట్టుకోమను, అంకె వాడే చదువుతాడు. మధ్యాహ్నం ఎండ ఎక్కువ, పొద్దున ఆరింటికల్లా వంతెన మీదుండాలి. పాపని కూడా తీసుకురా.